దూరపు కంప్యూటరు పలుకనప్పుడు: రిమోట్ డెస్క్‌టాప్ అనుసంధాన లోపములను గుర్తించు పద్ధతి

2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినప్పుడు, హైదరాబాదు, బెంగుళూరు నగరములలో ఉద్యోగములు చేయుచున్న మన విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతపు యువతీయువకులు అనేకులు స్వస్థలములకు చేరుకొనిరి. కార్యాలయపు కంప్యూటరు కార్యాలయములోనే ఉండిపోయినది. పని చేయవలసిన మనిషి బొబ్బిలిలోనో, రాజాంలోనో, పలాసలోనో ఉండెను. ఈ రెండింటిని కలిపిన సాధనములలో ముఖ్యమైనది రిమోట్ డెస్క్‌టాప్. ఆ నెలలలో ఇంటింట వినవచ్చిన మాట ఒకటి కలదు: "కనెక్ట్ అవడం లేదు."

నేటికిని ఆ మాట వినబడుచునే యున్నది. ప్రయోగశాలలోని కంప్యూటరును ఇంటి నుండి తెరచి రికార్డు పూర్తి చేయదలచిన విద్యార్థిని, అమెరికాలోని డల్లాస్ నగరము నుండి విజయనగరమున నున్న తండ్రిగారి కంప్యూటరును సరిచేయదలచిన కుమారుడు, అందరును ఆ ఒక్క వాక్యముతోనే మొదలిడుదురు. వాక్యము ఒక్కటే గాని దాని వెనుక నున్న కారణములు పది. ఈ వ్యాసమున మేము ఆ కారణములను ఒక వరుసలో నుంచి, దేనిని ఏ పరీక్షతో గుర్తింపవలెనో వివరింపదలచినాము. మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇది: "కనెక్ట్ అవడం లేదు" అనునది రోగలక్షణమే గాని రోగము కాదు. దారి ఎచట తెగినదో తెలిసికొనకుండ చేయు చికిత్స, మేలుకంటె కీడునే ఎక్కువ చేయును.

రిమోట్ డెస్క్‌టాప్ అనగానేమి?

ఇందు రెండు కంప్యూటర్లుండును. ఒకటి మన యెదుట నున్నది. రెండవది దూరమున నున్నది. పని యంతయు దూరపు కంప్యూటరులోనే జరుగును. మనము మీటలు నొక్కుట, మౌసు కదుపుట అచటికి పోవును. అచటి తెరమీది బొమ్మ ఇచటికి వచ్చును. అందుచేత సామాన్యమైన కంప్యూటరు ముందు కూర్చుండియే శక్తిగల కంప్యూటరుతో పని చేయవచ్చును. కళాశాలలో ఒకే కంప్యూటరులో నున్న ఉర్దూ, తెలుగు అక్షరముల కూర్పు సాఫ్టువేరును వేరొక ఊరి నుండి వాడుకొనవచ్చును.

మైక్రోసాఫ్ట్ సంస్థ 1998లో విండోస్ ఎన్‌టి 4.0 టెర్మినల్ సర్వరు ద్వారా ఈ సౌకర్యమును ప్రవేశపెట్టి, 2001లో విండోస్ ఎక్స్‌పి ప్రొఫెషనల్‌తో సామాన్య వినియోగదారులకు అందించినది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఆలివెట్టి పరిశోధనశాలయందు పుట్టిన వి.ఎన్.సి. మరియొక మార్గము. ఇవి రెండును నేరుగా ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరును పిలుచును. టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ మొదలగునవి వేరు జాతికి చెందినవి. ఇందు రెండు కంప్యూటర్లును ముందుగా ఒక మధ్యవర్తి సర్వరును చేరును. ఆ మధ్యవర్తి వానిని కలుపును. నేరుగా పిలుచునది ఏది, మధ్యవర్తి ద్వారా పిలుచునది ఏది అను భేదము జ్ఞాపకముంచుకొనవలెను. ముందు ముందు మనకు ఇది చాల ఉపయోగపడును.

రైలుమార్గపు పోలిక

పార్వతీపురమున రైలెక్కిన ప్రయాణికుడొకడు చెన్నై చేరవలసియున్నదనుకొందము. అతడు బొబ్బిలి, గజపతినగరం మీదుగా విజయనగరం జంక్షను చేరును. రాయపూరు నుండి వచ్చు మార్గము ఇచటనే హౌరా-చెన్నై ప్రధాన మార్గముతో కలియును. అటుపిమ్మట విశాఖపట్టణము, విజయవాడల మీదుగా చెన్నై చేరవలెను. అతడు చేరలేదని కబురు వచ్చినచో మనమేమి చేయుదుము? బొబ్బిలి దాటెనా, విజయనగరము దాటెనా యని వరుసగా విచారింతుము. అతడు కనిపించిన చివరి స్టేషనుకును, కనిపించని మొదటి స్టేషనుకును నడుమనే చిక్కున్నదని గ్రహింతుము.

కంప్యూటరు సందేశమునకును ఇదే విచారణ తగును. దాని ప్రయాణములో ఐదు మజిలీలు కలవని చెప్పుకొనవచ్చును: మన ఇంటి తీగ, చిరునామా, ద్వారము, దూరపు యంత్రము, చివరకు కలిసిన పిదప నిలుచుట. ఒక్కొక్క మజిలీని ఒక్కొక్క పరీక్షతో దాటుదము. ఒక నియమము మాత్రము పాటింపవలెను: ఒకమారు ఒక్క మార్పే చేయవలెను. నాలుగు మార్పులు ఒక్కసారి చేసినచో, బాగైనను ఎందువలన బాగైనదో తెలియదు. చెడినను ఎందువలన చెడినదో తెలియదు.

మొదటి మజిలీ: మన ఇంటి తీగ

ఇది అతి సామాన్యమైన విషయము. అందుచేతనే అందరును మరచునది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినప్పుడును, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపమున తీరము దాటినప్పుడును, విద్యుత్ స్తంభములు వేలకొలది నేలకొరిగినవి. టెలిఫోను సౌకర్యములు స్తంభించినవి. 2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకమున గాజుతీగలను ఎక్కువగా విద్యుత్ స్తంభముల మీదుగానే లాగిరి. దీనివలన ఖర్చు తగ్గినది, పల్లెలకు త్వరగా చేరినది. కాని స్తంభము కూలినచో కరెంటును, ఇంటర్నెట్టును ఒక్కసారే పోవును. కావున గాలివాన వెలసిన మరునాడు కనెక్షను లేనప్పుడు కంప్యూటరును అనుమానించుటకు ముందు వీధిలోనికి చూడవలెను.

ఇంటిలోని ఫైబరు పెట్టెపై ఎల్‌ఓఎస్ అను ఎర్రదీపము వెలుగుచున్నచో, గాజుతీగలో వెలుతురు సంకేతము రావడము లేదని అర్థము. అట్టివేళ కంప్యూటరులో ఏ అమరికను మార్చినను ఫలితముండదు. దీపములు సరిగా నున్నచో, కమాండ్ ప్రాంప్ట్ తెరచి ఐపికాన్ఫిగ్ అను ఆజ్ఞ నీయవలెను. అందు మన కంప్యూటరు అంకెల చిరునామా కనిపించును. అది 169.254తో మొదలగుచున్నచో, రౌటరు నుండి చిరునామా లభింపక కంప్యూటరు తనకు తానే ఒకటి పెట్టుకొన్నదన్నమాట. అప్పుడు లోపము మన కంప్యూటరుకును మన రౌటరుకును నడుమనే కలదు.

తరువాత పింగ్ అను ఆజ్ఞ. దీనిని అమెరికా శాస్త్రజ్ఞుడు మైక్ మ్యూస్ 1983 డిసెంబరులో రచించెను. జలాంతర్గాములలో శబ్దమును పంపి ప్రతిధ్వనిని వినునట్టి సోనార్ యంత్రపు ధ్వనిని బట్టి దీనికా పేరు పెట్టెను. విశాఖ సముద్రతీరమున కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాలను చూచిన విద్యార్థులకు ఈ పోలిక సులభముగా బోధపడును. మొదట మన రౌటరుకు పింగ్ చేయవలెను. బదులు వచ్చినచో ఇల్లు బాగున్నది. పిదప 8.8.8.8 అను గూగుల్ సంస్థ చిరునామాకు పింగ్ చేయవలెను. బదులు వచ్చినచో మన సందేశము ఊరు దాటి బయటి ప్రపంచమునకు పోవుచున్నది. మొదటి మజిలీ దాటినాము.

రెండవ మజిలీ: చిరునామా

"చిరునామా" అను మాట ఉత్తరముపై వ్రాయు "సర్‌నామా" నుండి తెలుగులోనికి వచ్చినది. రెండు భాషలవారికిని పరిచితమైన ఈ మాటలోనే రెండవ మజిలీ యంతయు ఇమిడియున్నది.

మనము కంప్యూటరును పేరుతో పిలుతుము. యంత్రములు అంకెలతో పిలుచుకొనును. పేరును అంకెగా మార్చు వ్యవస్థను డి.ఎన్.ఎస్. అందురు. పేరుతో పిలిచినప్పుడు కలియక, అంకెలతో పిలిచినప్పుడు కలిసినచో, దారి చక్కగా నున్నది, పేర్ల పట్టికలోనే తప్పున్నది. ఎన్‌ఎస్‌లుకప్ అను ఆజ్ఞతో ఆ పేరునకు ఏ అంకె వచ్చుచున్నదో చూడవచ్చును.

అంకెలలోను రెండు తెగలు కలవు. లోకమంతటికిని తెలిసిన చిరునామాలు కొన్ని. ఇంటిలోపల మాత్రమే చెల్లునవి కొన్ని. 192.168, 10, మరియు 172.16 నుండి 172.31 వరకు గల అంకెలతో మొదలగునవి లోపలి చిరునామాలని 1996లో నిర్ణయించిరి. వసతిగృహములో "12వ గది" యన్న చిరునామా ఆ గృహములోని వారికి చాలును; కాని కవరుపై "12వ గది" యని మాత్రమే వ్రాసి తపాలాపెట్టెలో వేసినచో ఉత్తరము చేరదు. అట్లే కళాశాలలో 192.168.1.20 అను అంకెతో చక్కగా కలిసిన కంప్యూటరు, ఇంటికి వచ్చి అదే అంకెతో పిలిచినచో పలుకదు. క్రొత్తవారు చేయు పొరపాటులలో ఇది మొదటిది.

ఇంకొక చిక్కు కలదు. ప్రపంచమున పాత తరహా చిరునామాలు చాలకపోవుటచే, సర్వీసు సంస్థలు ఒకే బయటి చిరునామాను అనేక గృహములకు కలిపి వాడుచున్నవి. ఇందుకొరకు 100.64 నుండి 100.127 వరకు గల వరుసను 2012లో ప్రత్యేకించిరి. సెల్‌ఫోను డేటాలోను, అనేక గృహపు కనెక్షనులలోను ఇట్టి ఏర్పాటే కలదు. మీ రౌటరులో బయటివైపు చిరునామా ఈ వరుసలో నున్నచో, బయటి నుండి ఎవరును నేరుగా మీ ఇంటి కంప్యూటరును పిలువజాలరు. అది లోపము కాదు, నిర్మాణమే అట్టిది. అట్టిచోట మధ్యవర్తి ద్వారా కలుపు సాఫ్టువేరును గాని, వి.పి.ఎన్. అను రహస్య మార్గమును గాని ఆశ్రయింపవలెను.

వి.పి.ఎన్. వాడువారికి ఒక వింత లోపము ఎదురగును. వి.పి.ఎన్. కలిసినట్లు తెరపై కనిపించును. కాని కళాశాల కంప్యూటరు మాత్రము దొరకదు. కారణమేమన, ఇంటిలోని రౌటరును, కళాశాల రౌటరును ఒకే 192.168.1 వరుసను వాడుచుండును. రెండు వసతిగృహములలోను 12వ గది యున్నది గదా! కంప్యూటరు తన ఇంటిలోని 12వ గదినే వెదకి, ఎవరును లేరని చెప్పును. ఇంటి రౌటరు వరుసను వేరొక అంకెకు, ఉదాహరణకు 192.168.77కు, మార్చినచో ఈ చిక్కు విడిపోవును.

మూడవ మజిలీ: ద్వారము, కావలి

తపాలా కార్యాలయమునకు చిరునామా ఒక్కటే. కాని మనియార్డరుకు ఒక కౌంటరు, ఉత్తరములకు మరియొక కౌంటరు ఉండును. కంప్యూటరులో నిట్టి కౌంటర్లను పోర్టులందురు. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ 3389వ పోర్టునందును, వి.ఎన్.సి. సామాన్యముగా 5900వ పోర్టునందును కూర్చుండును. టీమ్‌వ్యూయర్ మొదట 5938వ పోర్టును ప్రయత్నించి, వీలుకానిచో వెబ్‌సైట్లకు వాడు 443వ పోర్టు మీదుగా పోవును. అందుచేతనే కార్యాలయములలో నేరుగా పిలుచు సాఫ్టువేరు ఆగిపోయినను, మధ్యవర్తి సాఫ్టువేరు పనిచేయుట తరచుగా చూతుము. ఈ రెండింటిని పోల్చి చూచుటయే ఒక పరీక్ష. మధ్యవర్తి ద్వారా కలిసినచో రెండువైపులను ఇంటర్నెట్టు బాగున్నదనియు, నేరుగా పోవు దారిలోని ద్వారమే మూసియున్నదనియు తేలును.

పవర్‌షెల్ అను కిటికీలో టెస్ట్-నెట్‌కనెక్షన్ అను ఆజ్ఞకు చిరునామాను, పోర్టు అంకెను జతచేసి యిచ్చినచో, ఆ ద్వారము తెరచియున్నదో లేదో చెప్పును. ఇచట సమాధానమును మాత్రమే గాక, సమాధానము వచ్చుటకు పట్టిన కాలమును గూడ గమనింపవలెను. తలుపు తట్టగానే "ఇక్కడ అట్టివారెవరును లేరు" అని ఎవరైన బదులు చెప్పుట వేరు. ఎంత తట్టినను లోపలి నుండి ఉలుకు పలుకు లేకుండుట వేరు. ఒకటి రెండు సెకండ్లలో నిరాకరణ వచ్చినచో, సందేశము ఆ యంత్రమును చేరినది, కాని ఆ కౌంటరులో ఎవరును కూర్చుండలేదు. అనగా రిమోట్ డెస్క్‌టాప్ సేవ నడచుట లేదు. ఇరువది సెకండ్ల దాక నిశ్శబ్దముగా నుండి విఫలమైనచో, నడుమ ఏదో ఒక ఫైర్‌వాల్ సందేశమును మింగివేయుచున్నది, లేదా ఆ చిరునామాలో యంత్రమే లేదు.

విండోస్ ఫైర్‌వాల్ సామాన్యముగా మౌనమునే పాటించును. పింగ్‌కు సైతము అనేక పర్యాయములు అది బదులీయదు. కావున పింగ్‌కు బదులు రానంత మాత్రమున దూరపు కంప్యూటరు ఆగిపోయినదని తీర్మానింపరాదు. విడిగా కొని పెట్టిన యాంటీవైరస్ సాఫ్టువేరులకును స్వంత ఫైర్‌వాల్ ఉండవచ్చును. ఇద్దరు కావలివారున్న ఇంట ఒకరి అనుమతి చాలదు.

ఈ మజిలీలో చాల చవకైన పరీక్ష ఒకటి కలదు. కొలదిసేపు ఇంటి వై-ఫై విడిచి సెల్‌ఫోను హాట్‌స్పాట్ ద్వారా ప్రయత్నింపవలెను. అప్పుడు కలిసినచో దూరపు కంప్యూటరు నిర్దోషి. తప్పు మన ఇంటి మార్గములోనిది. అప్పుడును కలియనిచో, దృష్టిని దూరపు వైపునకు మరలింపవచ్చును.

నాలుగవ మజిలీ: దూరపు యంత్రము, గుర్తింపు

దారి యంతయు బాగుండియు యంత్రమే నిద్రించుచుండవచ్చును. కొంతసేపు ఎవరును తాకనిచో కంప్యూటరు నిద్రావస్థకు పోవునట్లు విండోస్ అమరియుండును. నిద్రించు యంత్రము పిలుపునకు సామాన్యముగా పలుకదు. సెలవుల ముందు ఆ అమరికను మార్చి వెళ్ళుట మంచిది.

విండోస్ హోమ్ అను తరగతికి చెందిన కంప్యూటరు ఇతరులను పిలువగలదు గాని, మైక్రోసాఫ్ట్ వారి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా తనలోనికి ఇతరులను రానీయదు. అందుకు ప్రో తరగతి గాని అంతకు పైది గాని కావలెను. ఈ సంగతి తెలియక రాత్రింబవళ్ళు ఫైర్‌వాల్‌తో కుస్తీ పట్టినవారిని మేము ఎరుగుదుము. పాస్‌వర్డు లేని ఖాతాతో దూరము నుండి ప్రవేశించుటకు విండోస్ సామాన్యముగా అంగీకరింపదు. నిర్వాహకులు కాని వారి పేర్లను రిమోట్ డెస్క్‌టాప్ వినియోగదారుల పట్టికలో చేర్చవలెను.

గడియారము కూడ చూడదగినది. ప్రయోగశాలలోని పాత కంప్యూటర్లలో రూపాయి బిళ్ళవంటి చిన్న బ్యాటరీ యుండును. అది క్షీణించినచో, కరెంటు పోయిన ప్రతిసారియు కంప్యూటరు తేదీ ఏండ్ల వెనుకకు పోవును. భద్రతా పత్రములకు ఆరంభ దినము, ముగింపు దినము ఉండుటచే, తేదీ తప్పిన యంత్రము చెల్లుబాటైన పత్రమును గూడ చెల్లదని త్రోసిపుచ్చును. తెరపై భద్రతను గూర్చిన పెద్ద హెచ్చరిక కనిపించును. నివారణ మాత్రము చిన్న బ్యాటరీ మార్చుటయే. అట్లే 2018 మే నెలలో మైక్రోసాఫ్ట్ ఒక భద్రతా సవరణను అమలుచేసినప్పుడు, ఒకవైపు సవరించి రెండవవైపు సవరింపని కంప్యూటర్ల నడుమ ప్రవేశము నిలిచిపోయినది. నిన్నటి వరకు కలిసినది నేడు కలియనిచో, నిన్న రాత్రి ఏ సవరణ వచ్చినదో చూడవలెను.

ఈ మజిలీలో ఒక ఊరట కలదు. ఖాతా పేరో పాస్‌వర్డో తప్పని యంత్రమే చెప్పినచో, తీగ, చిరునామా, ద్వారము మూడును బాగున్నవని అదే సాక్ష్యము. నిరాకరణ కూడ ఒక వార్తయే.

ఐదవ మజిలీ: కలిసి తెగుట

ప్రవేశము లభించి, తెర నల్లగా నిలిచిపోవుటయో, ఐదు నిమిషములకొకమారు తెగుటయో మరియొక జాతి లోపము. సందేశములు మూటలుగా ప్రయాణము చేయును. సామాన్యముగా ఒక మూట 1500 బైట్లకు మించరాదు. పి.పి.పి.ఓ.ఇ. అను పద్ధతితో ఇంటర్నెట్టు ఇచ్చుచోట అది 1492కు తగ్గును, వి.పి.ఎన్.లో మరికొంత తగ్గును. చిన్న మూటలు దూరిపోయి పెద్ద మూటలు నిలిచిపోయినచో, చిన్న సందేశములతో జరుగు ప్రవేశము జరిగిపోవును, పెద్దదైన తెర బొమ్మ మాత్రము రాదు. పింగ్ ఆజ్ఞలో మూటను విడగొట్టరాదని చెప్పి 1472 బైట్లు పంపి చూడవలెను. దీనికి 28 బైట్ల తలకట్టు చేరి 1500 అగును. అది పోక 1464 పోయినచో మార్గపు పరిమితి 1492 అని లెక్క తేలును. వి.పి.ఎన్. అమరికలో మూట పరిమాణమును తగ్గించినచో నల్లతెర తొలగును.

దూరమును గూడ గమనింపవలెను. గాజుతీగలో వెలుతురు సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. మన ప్రాంతము నుండి డల్లాస్ నగరమునకు రానుపోను సుమారు 28,000 కిలోమీటర్లనుకొన్నను, సెకండులో ఏడవ వంతు కాలము దూరమునకే చెల్లవలెను. తీగలు తిన్నగా పోవు గనుక కాదు, వంకరలు తిరిగి పోవును గనుక ఆచరణలో ఇంకను ఎక్కువే పట్టును. మౌసు కదలిక ఆలస్యముగా కనిపించుట ఇట్టిచోట దోషము కాదు. తెర రంగులను, పరిమాణమును తగ్గించి పని గడుపుకొనవచ్చును గాని, దూరమును ఎవరును తగ్గింపజాలరు.

ఒక అనుభవము

కొన్ని ఏండ్ల క్రిందట జరిగిన సంగతి యొకటి చెప్పుదుము. ఊరు, సంస్థ పేరు అనవసరము. వేసవి సెలవుల పిదప ఒక విద్యార్థిని ఫోను చేసి, "మాస్టారూ, మూడు రోజుల నుంచి ల్యాబ్ కంప్యూటర్ కనెక్టవట్లేదండి. శనివారానికి ప్రాజెక్టు ఇచ్చేయాలండి" అని చెప్పినది. ఆమె ఇల్లు పట్టణమునకు దూరము. రోజును వచ్చి పోవుట సాధ్యము కాదు. మేము ఊరిలో లేము. సహాయము చేయవచ్చిన యొకరు మొదట ల్యాబ్ కంప్యూటరు ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపివేసిరి. కలియలేదు. పిదప రౌటరులో ఆ కంప్యూటరు అంకెను వ్రాసి, బయటి నుండి వచ్చు సమస్త సందేశములను దానికే పంపునట్లు అమర్చిరి. వెంటనే కలిసినది. అందరును సంతోషించిరి. ఆమె ప్రాజెక్టు గడువులోగా అందినది.

పది దినముల పిదప మేము ఆ యంత్రపు భద్రతా దినచర్యను తెరచి చూచితిమి. విఫలమైన ప్రవేశ ప్రయత్నములకు విండోస్ 4625 అను అంకె వేయును. ఆ అంకెతో వరుసలు వరుసలుగా పేజీలు నిండియున్నవి. మన మెరుగని చిరునామాల నుండి, "అడ్మినిస్ట్రేటర్" అను పేరుతో, ఒక పాస్‌వర్డు తరువాత మరియొక పాస్‌వర్డు పెట్టి ఎవరో యంత్రముల చేత తలుపు తట్టించుచున్నారు. ఆ కంప్యూటరులో విద్యార్థుల స్కాలర్‌షిప్ దరఖాస్తుల నకళ్ళు, ఆధార్ ప్రతులు, బ్యాంకు ఖాతాల వివరములు ఉన్నవి. పాస్‌వర్డు గట్టిదగుటచే దేవుని దయవలన ఎవరును లోనికి రాలేదు.

అసలు లోపమేమి? సెలవులలో కంప్యూటరు చాలదినములు ఆపియుండుటచే, మరల తెరచినప్పుడు రౌటరు దానికి క్రొత్త అంకె నిచ్చినది. రౌటరులోని పాత అమరిక 20వ అంకెకు సందేశములను పంపుచుండగా, యంత్రము 34వ అంకెలో కూర్చున్నది. ఒక్క అంకె మార్చిన సరిపోయెడిది. ఆ సహాయకుడు రెండవమారు అమర్చినప్పుడు క్రొత్త అంకెను వ్రాసినాడు గనుకనే కలిసినది గాని, ఫైర్‌వాల్ ఆపుట వలన కాదు. రోగము కుదిరినది, కాని అక్కరలేని రెండు మందులు శరీరములోనే ఉండిపోయినవి. మేము ఫైర్‌వాల్‌ను మరల నిలిపి, బయటి ద్వారమును మూసి, ఆ యంత్రమునకు ఎన్నడును మారని అంకెను కేటాయించి, వి.పి.ఎన్. ద్వారా మాత్రమే ప్రవేశము కల్పించితిమి. ఆ సహాయకుని నిందించుట మా ఉద్దేశము కాదు. గడువు దగ్గరపడినప్పుడు, ఒక బాలిక కంటతడి పెట్టుచున్నప్పుడు, ఎవరైనను కనిపించిన తలుపులన్నియు తెరతురు. అందుచేతనే పద్ధతిని ముందుగా నేర్చుకొనవలెను.

జాగ్రత్తలు

3389వ పోర్టును ఇంటర్నెట్టుకు నేరుగా తెరచి యుంచరాదు. 2019 మే నెలలో "బ్లూకీప్" అను లోపము బయటపడినది. పాత విండోస్ యంత్రములలో పాస్‌వర్డు తెలియకయే రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా చొరబడుటకు అది అవకాశమిచ్చెను. దాని తీవ్రతను బట్టి, మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పికి సైతము మైక్రోసాఫ్ట్ సవరణను విడుదల చేయవలసి వచ్చినది.

మధ్యవర్తి సాఫ్టువేరులలో ప్రమాదము మరియొక రూపమున నుండును. అచట ద్వారమును మనమే తెరచి యిత్తుము. బ్యాంకు ఉద్యోగులమని ఫోను చేసి, ఎనీడెస్క్ పెట్టించి, అందలి అంకెలు చెప్పించుకొని ఖాతాలు ఖాళీ చేయు మోసమును గూర్చి 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు హెచ్చరించినది. ఆ సాఫ్టువేరు చెడ్డది కాదు. తాళపుచెవి నెవరి చేతికిచ్చితిమన్నదే ప్రశ్న. మనము స్వయముగా పిలువని వానికి తెర చూపరాదు. మోసపోయినచో ఆలస్యము చేయక 1930 అను సైబరు నేరముల సహాయ సంఖ్యకు ఫోను చేయవలెను.

సహాయము కోరు విధానము

అందరును ఈ పరీక్షలన్నియు స్వయముగా చేయలేకపోవచ్చును. సహాయము కోరుట తప్పు కాదు. కాని "కనెక్ట్ అవడం లేదు" అని మాత్రమే చెప్పక, ఈ ఐదు విషయములు కాగితముపై వ్రాసి చెప్పవలెను: ఏ ఊరి నుండి, ఏ కనెక్షనుపై ప్రయత్నించితిమి, ఏ సాఫ్టువేరుతో, తెరపై వచ్చిన సందేశము అక్షరాలా ఏమి, అది వెంటనే వచ్చినదా, కొంత నిశ్శబ్దము తరువాత వచ్చినదా, చివరిసారి సరిగా పనిచేసినది ఎన్నడు, ఆ తరువాత ఏమి మారినది. వైద్యుని యెదుట "ఒంట్లో బాగాలేదు" అని ఊరకుండు రోగికంటె, జ్వరము ఎప్పుడు మొదలైనదో చెప్పు రోగికి చికిత్స సులభము గదా! సరిచేయువారు కూడ తాము చేసిన ప్రతి మార్పును వ్రాసికొని, పనిచేయని మార్పులను వెనుకకు తీసికొనవలెను. ఏది తెరచితిమో వ్రాసికొన్నవాడే దానిని మరల మూయగలడు.

తీగ, చిరునామా, ద్వారము, యంత్రము, నిలుకడ: ఈ ఐదు మజిలీలను వరుసగా విచారించుటకు అరగంట పట్టును. మూడు దినములు ఊరకే ప్రయత్నించుటకంటె ఆ అరగంట మేలు. దూరమున నున్న పల్లెలోని విద్యార్థికి ఆ కంప్యూటరే ప్రయోగశాల, అదే గ్రంథాలయము. ఆ దారిని తెరచి యుంచుటయు, ఆ దారిలో దొంగలను రానీయకుండుటయు రెండును మన బాధ్యతలే. ఒకదానికొరకు రెండవదానిని బలి పెట్టనవసరము లేదని మా విద్యార్థులు గ్రహించినచో, ఈ పాఠము సఫలమైనట్లే.